బాకీ ముప్పై అయిదు పైసలు

నారాయణగూడ సందులో మూతబడ్డ పంపిణీ ఆఫీసు నుంచి
గోనెసంచిలో వచ్చాయి డబ్బాలు.
తూకానికి పోవలసినవి.
మూత తియ్యగానే పులుపు వాసన గది నిండా.
"అచార్ పెట్టిండ్రా మేడమ్" అన్నాడు ఇలియాస్
ముక్కు మూసుకుని.
చీటీ మీద పేరు సగం చెదలు తిన్నాయి.
"...గారి చిల్లర" అని మాత్రం మిగిలింది.

నా పని సినిమా చూడటం కాదు,
గీతలు చూడటం.
ఏ నిమిషంలో గీత, ఏ సెకనులో మచ్చ,
ఎక్కడ మాట పెదవికంటే ముందొచ్చిందో
పట్టికలో ఎక్కించటం.
కృష్ణానగర్, మూడో అంతస్తు.
ఇక్కడి ఏసీ యంత్రాల కోసం, మనుషుల కోసం కాదు.
శాలువా కప్పుకుని పదకొండేళ్లుగా
ఎన్ని ప్రేమల మీద దుమ్ము లెక్కపెట్టానో.

ఇందులో అతను కండక్టరు.
టాంకుబండు మీద ఊగుతూ పోయే డబుల్ డెక్కరు.
ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు.
రోజూ రూపాయి కాగితమే ఇస్తుంది.
రోజూ అతని తోలు సంచిలో చిల్లర ఉండదు.
టికెట్టు వెనక పెన్సిలుతో రాస్తాడు:
35 పై.
దిగేటప్పుడు అడగమంటాడు.
దిగేటప్పుడు ఆమె అడగదు.

అంతే కథ.
విలన్ లేడు.
ఉన్నవాడల్లా చెకింగ్ ఇన్‌స్పెక్టరు, వాడికీ జలుబు.
పాటలో మంచుకొండలు లేవు.
పబ్లిక్ గార్డెన్లో నిజం తోటమాలి ఒకడు
నీళ్లగొట్టంతో అడ్డం వచ్చి, తప్పుకోక,
చరణం అయ్యేదాకా ఇద్దరి మధ్యే మొక్కలు తడిపాడు.
హీరోది కొంచెం బాతు నడక.
అది చూసి ఒకచోట ఆ పిల్ల
నటించటం మర్చిపోయి నవ్వేసింది.
దర్శకుడు కొయ్యలేదు.

ఇరవై ఆరో నిమిషం.
పట్టికలో ఏ గడిలో రాయాలి దీన్ని?
"డిఫెక్టా మేడమ్?"
"కాదు. వెనక్కి తిప్పు."
మూడుసార్లు తిప్పించాను.
మూడోసారి ఇలియాస్ కూడా కుర్చీ లాక్కున్నాడు.

నాలుగో డబ్బా లేదు.
మూడో రీలు చివర
దాచుకున్న టికెట్లన్నీ అతని మొహాన కొట్టి
అఫ్జల్‌గంజ్‌లో దిగిపోతుంది.
అయిదో రీలు మొదట్లో
ఇద్దరూ ఒకే సాసర్లోంచి చాయ్ ఊదుకుంటుంటారు.
మధ్యలో ఎవరు ముందు మాట్లాడారు?
ఎవరు బాకీ ఒప్పుకున్నారు?

వారం వెతికితే చిక్కడపల్లిలో దొరికాడు పోశెట్టి,
అప్పట్లో ఆ ఆట వేసిన ప్రొజెక్టరు ఆపరేటరు.
ఆడింది పదకొండు రోజులు, రోజుకి నాలుగాటలు.
"నాలుగో రీలా?" బట్టతల నిమురుకున్నాడు.
"అది ఎక్కిచ్చి నేను కిందికి వోతుంటి.
బుకింగ్‌ల కూసునే పిల్ల దగ్గర చిల్లర తెచ్చెటందుకు."
"ప్రొజెక్టరు గదిలో చిల్లరెందుకండీ?"
"గదే గద. ఎందుకు?"
లోపల వంటింట్లో గరిటె ఆగింది.
"నలభై నాలుగుమాట్ల తీస్కపోయిండు.
ఒక్క పైస వాపసియ్యలే."

మర్నాడు నివేదికలో
నాలుగో రీలు: అలభ్యం అని కొట్టాను.
చెరిపాను.
వేరే మాట తోచక మళ్లీ అదే కొట్టాను.

రాత్రి ఆఖరి బస్సు.
కండక్టరమ్మ చేతిలో జీరో టికెట్టు పెట్టి
ముందు సీట్లకి వెళ్లిపోయింది.
నేను ఇవ్వాల్సింది లేదు,
నాకు రావలసింది లేదు.
పంజగుట్ట దాకా ఎవరి ఫోను వెలుగులో వాళ్లు.
ఎందుకో టికెట్టు వెనక్కి తిప్పి చూశాను.
తెల్లగా ఉంది.
సంచిలో పెన్సిలు కోసం వెతుకుతున్నాను,
నా స్టాపు దాటిపోయింది.