శనికి బొంత

అరాక్సి వంటింటి బల్ల మీద
గుండుసూదుల డబ్బా.
నూట ఇరవై.
పడుకునే ముందు లెక్కపెడుతుంది.
ఉద్యోగం మానేసి పదేళ్ళయింది,
వేళ్ళు మానలేదు.

బీరూట్‌లో, బుర్జ్ హమ్ముద్ సందులో,
పెళ్ళికూతుళ్ళకు మేలిముసుగులు కుట్టేది.
బాంబులు పడుతున్నా పెళ్ళిళ్ళు ఆగలేదు.
కరెంటు పోతే కొవ్వొత్తి,
అదీ లేకపోతే తడుముడు.
ఆ చేతులు చూసే కాలిఫోర్నియాలో
కొండ కింద ప్రయోగశాల వాళ్ళు పని ఇచ్చారు.
"ఏం కుట్టాలి?"
"ఓడకి దుప్పటి."
"ఏ సముద్రం మీద ఓడ?"
ఆయన కిటికీ వైపు చూపించాడు.
పట్టపగలు. ఏమీ కనిపించలేదు.

పొర మీద పొర, ఇరవై పొరలు,
ఉల్లిపొర కన్నా పలచన, పైన బంగారు వన్నె.
పొరకీ పొరకీ మధ్య తెల్లటి వలగుడ్డ.
చేతితొడుగు లోంచే పోల్చుకుంది,
అచ్చం మేలిముసుగు గుడ్డ!
నవ్వుకుంది. మాస్కు వెనక ఎవరికి తెలుస్తుంది.

వెంట్రుక రాలకూడదు. చెమట అంటకూడదు.
కుట్లు దూరదూరంగా పడాలి,
సూది పొడిచిన ప్రతి బెజ్జం లోంచీ
వెచ్చదనం కారిపోతుందట.
చివర మూడు ముళ్ళు వెయ్యడం
తల్లి నేర్పిన అలవాటు.
తనిఖీకి వచ్చిన వాండా విప్పించింది.
"ఒక్కటి చాలు."
ఒంటి ముడితో అంత దూరం పంపడమా!
చాన్నాళ్ళు నిద్ర పట్టలేదు.

ఒకరోజు డబ్బాలో నూట పంతొమ్మిదే ఉన్నాయి.
పని ఆగిపోయింది.
పెద్ద చదువులవాళ్ళు మోకాళ్ళ మీద పాకి వెతికారు.
సాయంత్రానికి దొరికింది,
అరాక్సి కాలర్లోనే.

మా భాషలో శని పేరు తిట్టు.
పట్టాడంటే ఏడున్నరేళ్ళు వదలడంటాం,
నల్లనివాడంటాం, నువ్వులూ నూనే ఇచ్చి
దూరంగా ఉండమంటాం.
ఈ ఓడ మాత్రం దాదాపు ఏడేళ్ళు నడిచి
తనే పోయి ఆయన్ని పట్టుకుంది.
పదమూడేళ్ళు వదల్లేదు.
అది పంపిన ఫొటోల్లో ఆయన
మరిగిన పాల మీద మీగడ రంగు.

"అక్కడ ఎక్కడ దిగుతుంది?" అడిగింది
మనవరాలు తలార్.
"దిగడానికి నేల లేదు.
మబ్బు, కింద మబ్బు, ఆ కింద ఇంకా చిక్కటి మబ్బు."
"పడితే?"
"పడుతూ ఉండడమే."
పిల్ల చాలాసేపు
తన పాదాల కేసి చూసుకుంది.

ఇంధనం అడుగంటింది.
శని చుట్టూ తిరిగే చంద్రుళ్ళలో
మంచు కింద నీళ్ళున్నాయి,
మన మురికి ఆ నీళ్ళలో పడకూడదని
ఓడను శనిలోకే తోసేశారు.

ఇంకా తెల్లారలేదు.
టీవీ తెర మీద నిటారుగా ఒక పచ్చటి గీత.
ఇక్కడ గీత నిలబడి ఉండగానే
అక్కడ అంతా ముగిసి గంట దాటిపోయింది.
వెలుతురుకైనా దూరం దూరమే.
గీత కుంగింది.
ఒక్కసారి లేచింది.
లేదు.

కుర్రాళ్ళు కావలించుకుని ఏడుస్తున్నారు.
"మొదట కాలి ఉండేది పైనున్న దుప్పటే,"
ఎవరో నెమ్మదిగా వివరిస్తున్నాడు.
అరాక్సి లేచి కాఫీకి నీళ్ళు పెట్టింది.
ఇరవయ్యేళ్ళ చలికి ఓర్చింది.
నిప్పుకని కుట్టలేదుగా ఎవరూ!

పొంగిన కాఫీ పొయ్యి మీద పడింది. తుడవలేదు.
తలార్ స్కూలు గౌను అంచు ఊడి ఉంటే
ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది.
కుట్లు దగ్గర దగ్గరగా, చీమలబారులా.
చివర ఒక ముడి.
ఆగింది.
ఇంకొకటి.
ఇంకా ఒకటి.

గుచ్చుకుంటోందని ఆ పిల్ల రేపు సణుగుతుంది.
సణగనీ.