చుక్కల గీత

లిఫ్టు పెట్టెకి పది తెత్రీల బిళ్ళ కావాలి, నా జేబులో లేదు.
ఏడో అంతస్తు దాకా మెట్లే.
కుతైసిలో ఫిబ్రవరి, గోడలు చెమర్చి ఉన్నాయి.
తలుపు తీస్తూనే త్సియాలా గారు
"తెరకి పిచ్చెక్కింది బాబూ" అన్నారు,
"ఉన్నది చూపించదు, లేనిది చూపిస్తోంది."

ఉన్నది చూపించకపోవడం తేలికే.
వరసకీ వరసకీ మధ్య ఎడం ఎవరో బిగించేశారు,
మా గుండ్రటి అక్షరాల తోకలన్నీ
తలుపు సందులో పడ్డ వేళ్ళలా తెగి కనిపిస్తున్నాయి.
ఎడం వదులు చేశాను. తోకలు దిగాయి.

లేనిది చూపించడం, అదీ చిక్కు.
అవి భవన సంఘం మినిట్సు, పదకొండేళ్ళవి.
రాసింది ఎల్గుజా గారు, కార్యదర్శి, నవంబరులో పోయారు.
ఫైలిప్పుడు ఈవిడ నెత్తిన పడింది.
అచ్చు తీస్తే శుభ్రంగానే వస్తుంది:
పైకప్పు కారుతోంది, తీర్మానం, సంతకాలు.
తెర మీద మాత్రం మధ్యమధ్య
ఎక్కడివో వాక్యాలు, కింద సన్నటి చుక్కల గీత.

కేబుల్ ఊడదీసి పెట్టాను.
డ్రైవరు మార్చాను. జూమ్ నూరుకి తెచ్చాను.
అన్నీ ఆపి మళ్ళీ తెరిచాను
(ఏమీ తోచనప్పుడు మేమంతా చేసేదే).
అప్పుడు కనిపించింది పై పట్టీలో
అద్దంలో చూసుకుంటున్న పీ అక్షరం లాంటి బొత్తాం,
ఈవిడ వేలు తగిలి నొక్కుకుపోయి.

దాచిన పాఠ్యం.
తెరకి రోగమేం లేదు, ఎవరో కావాలని దాచుకున్నారు.

"చదివిపెట్టు" అన్నారావిడ, కళ్ళద్దాలు వెతకడం మానేసి.

"ఐదో అంతస్తు బకాయి నేనే కట్టాను. ఆమెతో అనకూడదు."

"జూరాబ్ అరిచాడు. తప్పు నాదే. పైన రాయలేదు."

"లిఫ్టు పెట్టె మీద బిళ్ళలు పెడుతున్నదెవరని
గంటసేపు చర్చ. నేనూ ఆశ్చర్యపోయాను."

ఆవిడ నవ్వబోయి దగ్గారు.
"అవునూ, నవంబరు నుంచి అక్కడ బిళ్ళల్లేవు."

బొత్తాం నొక్కాను. వాక్యాలు మాయం.
పేజీ మళ్ళీ గుమాస్తా ముఖం పెట్టుకుంది.
"బాగయింది" అన్నాను.
"ఇంకోసారి నొక్కు."
నొక్కాను.
"ఇలాగే ఉంచెయ్యనా?"
"వద్దు. ఎలా నొక్కాలో నేర్పు."
రెండుసార్లు మర్చిపోయారు,
మూడోసారి కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసుకున్నారు.

పదిహేను లరీలు నా కూలి.
ఇరవై నోటిచ్చి,
మిగతా ఐదూ పది తెత్రీల బిళ్ళలుగా కావాలన్నారు.
యాభై బిళ్ళలు! మెట్లెక్కి వచ్చినవాణ్ణి అడుగుతున్నారు.
మూడో అంతస్తు దాకా దిగి ఆగాను,
మలుపులో రొట్టెల కొట్టు
ఆరింటికి గదూ మూసేది.