తాడు పట్టినోడు

ఫుజైరాలో పెద్ద జట్లు లేవు.
స్టేడియాల వెలుగంతా కొండలకు అవతల, దుబాయిలో.
ఇక్కడ శుక్రవారం ఉంది.
అసర్ నమాజు అయినాక
సముద్రం పక్కన మట్టి మైదానం,
చుట్టూ ఆనించి నిలబెట్టిన పికప్పుల గోడ,
బానెట్ల మీద పిల్లోళ్లు, పల్లీల పొట్టు,
ఫ్లాస్కుల్లో సులేమానీ.

రెండెద్దులు తలలు ఆనిస్తాయి. అంతే ఆట.

కత్తి లేదు, నెత్తురు లేదు, పందెం డబ్బు లేదు.
వెనక్కి తిరిగింది ఓడిపోయినట్టు.
గెలిచినదానికి దక్కేది
మైకులో యజమాని పేరు, వాళ్ల నాయన పేరు,
ఆ నాయన నాయన పేరు.
నా పేరు ఓబులేసు. మైకుకు దాంతో పని లేదు.

మాది చిట్వేలి పక్క.
మా తట్టు ఎద్దు బండను లాగుతుంది,
మోకాళ్ల మీద పడి మరీ లాగుతుంది.
ఇక్కడ నెడుతుంది.
లాగే ఊరి నుంచి నెట్టే ఊరికి వచ్చినానని
మొదటి వారం ఒక్కణ్నే నవ్వుకున్నా.
వీసా కాగితంలో నేను డ్రైవర్ను.
దిగి చూస్తే కొట్టం, కొట్టంలో ఇది.

సంసాం అని పేరు పెట్టినారు. కత్తి అని అర్థమంట.
నేను కర్రోడా అంటా.
పొద్దున దానికి తేనె, నెయ్యి, నానబెట్టిన ఖర్జూరం, ఎండు చేప.
చేప తినే ఎద్దు!
ఫోన్లో చెబితే మా చెల్లెలు
ఎండకు తల తిరిగిందా అన్నా అనింది.
నాకు పప్పు, ఖుబ్బూసు.
నెయ్యి డబ్బా అడుగున మిగిలింది ఏమైందని
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పను.

దాద్ కరీం బలూచీ. కాపలా ముసలాయన బెంగాలీ.
తెలుగు తెలిసిన ప్రాణి ఈ కొండల మధ్య
టన్ను బరువుది ఒకటే.
సాయంత్రాలు మోకాటి లోతు సముద్రంలో నడిపిస్తూ
పీచుతో వీపు తోముతూ
బోరు ఎండిన సంగతి, నిమ్మచెట్లు కొట్టేసిన సంగతి,
అప్పు వడ్డీ నెల నెలా ఎట్లా ఈనుతుందో, అన్నీ చెప్పేవాణ్ని.
ఒక చెవి ఇటు తిప్పి వినేది.
దా నాయనా, దా అంటే చాలు,
వచ్చి మెడ వంచేది.

ఆ శుక్రవారం దిబ్బా నుంచి ఎర్రెద్దు వచ్చింది.
కొమ్ములు కలిసిన చప్పుడు నా పళ్లలోకి దిగింది.
రెండు మూపురాలూ ఒకటే గుట్టయినాయి.
ఒక నిమిషం. రెండు.
ఎర్రదాని వెనక కాళ్లు జారుతుండాయి.
హుమైద్ సేఠు తలగుడ్డ జారి భుజం మీద పడింది,
ఆయన చూసుకోలేదు.
హారన్లు, హారన్లు.
తాడు పట్టుకుని నేను ఇంత దూరంలో.

అప్పుడు కనబడింది, ఎడమ కంటి పక్కన,
రోజూ ఈగ వాలే చోట,
సన్నని నెత్తుటి చార.

పిల్లోడు పడితే నోరు ఆగుతుందా?
"దా నాయనా, దా."

అన్ని హారన్లలో ఆ చెవి ఇటు తిరిగింది.
తర్వాత తల.
తర్వాత మొత్తం టన్ను
గెలిచే ఆట వదిలేసి
నీళ్లకు పోయే నడకతో వచ్చి
నా ముందర మెడ వంచింది.

మైకులో దిబ్బా వాళ్ల తాతల పేర్లు చదివినారు.

పికప్పులో సేఠు చాలాసేపు మాట్లాడలేదు.
రౌండెబౌట్ కాడ అడిగినాడు, వచ్చీరాని ఉర్దూలో:
"ఏమన్నావు దాన్ని?"
"రమ్మన్నా."
"అంతేనా?"
"నాయనా అన్నా. అంటే తండ్రీ అని."
"ఎద్దు నీకు తండ్రా?"
"మా తట్టు కొడుకునీ అట్లే పిలుస్తాం సేఠ్."
ఆయన సిగ్నల్ పచ్చబడినా కదల్లేదు.
వెనక బండోడు హారన్ కొట్టినాడు.

"వచ్చే వారం నువ్వు బండిలోనే కూర్చో," అన్నాడు.
"అద్దాలు ఎత్తుకో."

కూర్చున్నా.
ఏసీ గాలిలో అన్నీ మూగగా జరిగినాయి.
తాడు దాద్ కరీం చేతిలో.
దుమ్ము, కాళ్లు, నోళ్లు తెరుచుకున్న జనం.
కర్రోడు నెట్టినాడు, బాగా నెట్టినాడు,
కల్బా ఎద్దును పికప్పుల దాకా నెట్టినాడు.

నెడుతున్నంత సేపూ
ఒక చెవి మాత్రం వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు.