పదిహేడు అడుగులు

పామంజి సముద్రాలు దగ్గర వలతాడు అడిగి తెచ్చాం.
ఇస్కపల్లిలో ఉప్పుకయ్యలు అయిపోయి బురద మొదలయ్యే చోట
ఇసుక మీద గుండ్రంగా పరిచాం,
ఈ అంచు నుంచి ఆ అంచుకి పదిహేడు అడుగులు.
తాడు లోపలి కంటికి కనిపించిందీ
తాడు లోపలి చెవికి వినిపించిందీ లెక్క.
తక్కిన ప్రపంచం ఉంటే ఉండొచ్చు, దాని ఇష్టం.

వాయుగుండం దాటిన మూడోరోజు, తెల్లారుజాము నాలుగున్నర.
నలుగురం, మూడు కుర్చీలు,
కావలి కాలేజీ నుంచి మోసుకొచ్చిన దుర్భిణి.
చీకట్లో మొదటి గీత చెవిదే:
తీతువు.
"మంచి శకునం" అని నవ్వాడు దస్తగిరి.
హైమవతి మేడం నవ్వలేదు, టైము రాసింది.

వెలుగొచ్చేసరికి బురదంతా కాళ్లు.
ఎర్రకాళ్లు, పచ్చకాళ్లు,
కుట్టుమిషను సూదుల్లా దిగి లేచే ముక్కులు.
ఉల్లంకులన్నీ ఒకటే అనుకున్న రోజులు నాకూ ఉన్నాయి,
ఇప్పుడు ఒక్క కాలి రంగు కోసం అరగంట కొట్లాడతాను.
రాజహంసలు నాలుగువందలు దిగాయి, ఒక గీత.
లకుముకి ఒక్కటే వచ్చి కట్టె మీద కూర్చుంది,
దానికీ అంతే గీత.
ఆ న్యాయం నాకు నచ్చింది.

పన్నెండు దాటాక ఎండమావిలో
పక్షులన్నీ నడుము దాకా కరిగిపోయాయి.
ఎదురుగానే ఉన్నా పేరు పెట్టలేం.
పులిహోరలో ఇసుక.
నలభై ఎనిమిది దగ్గర లెక్క మొరాయించింది.
పీతల బుట్టతో వెళ్తున్న ఏకొల్లు చెంచయ్య
తాడు దగ్గర ఆగి, మమ్మల్ని చుట్టూ తిరిగి చూసి,
"ఏంది సార్, ఎవురన్నా కట్టేసినారా మిమ్మల్ని?" అన్నాడు.
మాలో అతి తక్కువ మాట్లాడే శరభయ్య
"అవును" అన్నాడు.

మూడున్నరకి నేను లేవక తప్పలేదు.
ఈ తీరంలో ఆడదానికి చాటంటే సరుగుడు తోపే.
అక్కడ కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను.
బోర్లించిన పడవకి అవతలి నీడలో
ఇసుకే లేచి నిలబడ్డట్టు ఒక పిట్ట.
లావు మోకాళ్లు.
పసుపు కళ్లు, ఆ కళ్లు పెట్టుకోవడానికే తల చేసినట్టు.
ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.
నేనే ముందు సిగ్గుపడ్డాను.

పరుగున వచ్చి తాడులో పడ్డాను.
"పడవ వెనకాల!"
అందరూ లేచారు. అంచు మీద మునివేళ్లపై నిలబడ్డారు.
పడవ పడవలాగే ఉంది.
"తాడు ఒక్క నాలుగు బారలు జరిపితే?" అన్నాడు దస్తగిరి,
"ఎవురు చూడొచ్చినారు?"
మేడం ఏమీ అనలేదు.
పెన్నుకి మూత పెట్టింది.

ఆ తర్వాత సాయంత్రమంతా
మిగతా ముగ్గురూ ఆకాశం చూశారు,
నేను పడవ చూశాను.
గూడబాతులొచ్చాయి, రేవుపిట్టలొచ్చాయి,
జెముడుకాకి తుమ్మల్లోంచి గొంతు సవరించుకుంది.
అది నడవలేదు. ఎగరలేదు. ఉలకలేదు.
పొద్దు గుంకే ముందు చిన్న గుడ్లగూబ ఒకటి కరుణించి
అరవై ఒకటి దగ్గర పుస్తకం మూసేశాం.

తాడు విప్పి చుట్టుకుంటూ సముద్రాలు అడిగాడు:
"ఎన్ని పడినాయి?"
"అరవై ఒకటి."
"తప్పిపోయింది?"
చెప్పాను, కళ్లతో సహా.
"అదా! మా పడవ కిందనే కదా ఉండాది మూడేళ్లుగా.
అది లేచి పక్కకి పొయ్యిందాకా
మేం పడవ ఎత్తం."

చుట్ట చుట్టిన తాడు ఆయన భుజానికెక్కింది.
ఇసుక మీద గుండ్రం గుర్తు,
అదీ సగం గాలికి చెరిగింది.
అప్పుడు కూసింది, తోపు వైపు నుంచి,
ఒకసారి, మళ్లీ ఒకసారి, పొడుగ్గా.

హైమవతి మేడం అలవాటు కొద్దీ
చీకట్లో గడియారం చూసుకుంది.