ఎనిమిది వందల నలభై ఏడో పేజీ

జడ్జిగారు కళ్లజోడు తీశారు:
"ఈ తీర్పు ప్రతి ఏదీ?"

రాత్రి ఒంటిగంటకి
కంచరపాలెం గదిలో ఫోను ఇచ్చింది నాకు దాన్ని,
అడగ్గానే, తడుముకోకుండా:
ఓడ పంకాకి వల పోగొట్టుకున్న ఒక జాలరామె,
ఆమెకి పరిహారం,
సంవత్సరం, సంపుటం, పేజీ.

బార్ లైబ్రరీలో నిచ్చెనెక్కాను.
దుమ్ము, చెదలు, ఎవరిదో పాత బస్సు టిక్కెట్టు.
సంపుటం ఉంది.
ఏడు వందల పన్నెండుకే అయిపోయింది.

వరండాలో గరికిన నూకాలు.
ఒళ్లో సంచి, సంచిలో తెగిన వల ముక్క.
సాక్ష్యమని ఎనిమిది వాయిదాలుగా మోస్తోంది,
తీసి చూపించమని ఎవరూ అనలేదు.
ఫిషింగ్ హార్బరు వాసన ఇంకా పోలేదు దానికి.

"ఏటి బాబూ, ఆ కేసులో ఆడమనిసి
గెలిసిందన్నావు గదా,
డబ్బులు సేతికొచ్చీసరికి ఎన్నేళ్లు పట్టిందేటి?"

సముద్రం వైపు చూశాను.
కలెక్టరాఫీసు గోడ అడ్డం.

పుట్టనేలేదమ్మా ఆవిడ,
అని చెప్పాలి.
నోరు రాలేదు.

"ఆ వల ఇలా పరువు," అన్నాను
మెట్ల మీద కూలబడి.
"ఏ కన్ను ఎక్కడ తెగిందో నువ్వు చెప్పు.
నేను రాసుకుంటాను,
చేత్తో."