లెక్క

బ్ర్నోలో నాలుగో నంబరు ట్రామ్
పళ్ల డాక్టరు గుమ్మం ముందే ఆగుతుంది.
పదకొండేళ్లుగా నేను తరువాతి స్టాపులో దిగుతున్నాను.

లవంగం బుగ్గన పెట్టుకుని
ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ నెట్టుకొచ్చాను.
పొద్దున్నే సింకులో గులాబీరంగు నీరు,
లిబూషె చూడకముందే కుళాయి తిప్పేస్తాను.
రొట్టె అంచులు పావురాలకి.

బడిలో కాలితో తొక్కే ఆ మర,
నర్సు మోచేతి కింద నా తల.
యాభై ఏళ్లయినా
ఆ రొద చెవిలోంచి పోలేదు.

మొన్న కచేరీలో
క్లారినెట్ మీద ఆనించిన పైపన్ను
స్వరం కంటే ముందు కదిలింది.

ఇవాళ దిగాను.
"ఏమీ చెయ్యను," అంది ఆ చిన్న డాక్టరమ్మ,
"లెక్కపెడతానంతే."
కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని
నేనూ లోలోపల లెక్కపెట్టాను.

ఆమెకి ఇరవై నాలుగు.
నాకు పదిహేడు దగ్గర తప్పిపోయింది.
మళ్లీ మొదలుపెట్టమన్నాను.