పద్నాలుగు పోయినయ్

మిల్లు సైరన్ ఐదింటికి.
నాలుగింటికి లేచేది నేనూ, బాయిలర్ కాడి పిల్లీ, నువ్వూ.

మిర్యాలగూడ బైపాసు పక్కన
ఉప్పుడు వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం.
రెండెకరాలుంటది, అద్దమోలె నున్నగ.
అది ఊడ్చుడు నా పని, ఇరవై రెండేండ్ల సంది.
ఒక్క వడ్లగింజ చాలు
నీ బూటు చక్రానికి అడ్డంబడి నిన్ను బోర్ల బడేయనీకి.
నువ్వు రావట్టిన కాడికెల్లి రెండుసార్లు ఊడుస్తున్న.
ఒకసారి సేటు కోసం, ఒకసారి నీకోసం.
సేటుకు ఒక్కటే లెక్క జెప్తున్న.

ధీరావత్ రోజా, డిగ్రీ రెండో సంవత్సరం.
టేపు జుట్టిన బూట్లు.
కాలేజీ హాకీ కట్టెకు పార కర్ర అతికి పొడుగు జేసినవు.
లారీ టైరు కోసి బిళ్ల జేసినవు.
రెండు గోనె కట్టల నడుమ సగం వంగి నిలబడ్డవు.
హమాలీలు బీడీలు ముట్టిచ్చుకుంట
"ఆపు సూద్దాం బిడ్డా" అని కొట్టిండ్రు.
మొదటి దెబ్బ మోకాలికి.
నువ్వు ఏడ్వలే. "ఇంకోటి" అన్నవు.
బాలస్వామి బీడీ పారేసిండు.

మీ నాయిన ఐసు ఫ్యాక్టరీల పనిజేస్తడు.
సాగర్ చేపలకు, పెండ్లి కూల్‌డ్రింకులకు
ఊకల పొర్లించి దిమ్మెలు ట్రాలీ ఎక్కిస్తడు.
ఒకనాడు నా తాన కూసొని అన్నడు:
"ఐసు అమ్ముకునేది అక్కా, కాలువెట్టి నిలబడేది గాదు.
ఇంటికి తేంగనే సగమైతది."
అనుకుంటనే అంగీ జేబుల కెల్లి
రెండు వేల ఏడు వందలు తీసి లెక్కవెట్టి
"బూట్లకు ఇంకెంత గావాలె?" అనడిగిండు.

హైదరాబాదుల సెలెక్షన్.
ఒక మాల్‌ల చిన్న ఐసు గది, గంటకింత అని టికెట్టు.
గోలు కాడ నిలబడనీకి ఇంకెవ్వలూ రాలేదు గనుక
నిన్ను తీసుకున్నరట. నువ్వే నవ్వుకుంట చెప్పినవు.
మగపిలగాండ్ల పాత ప్యాడ్లు ఇచ్చిండ్రు, వాండ్ల చెమట వాసనతోటి.
మూడుసార్లు ఉతికిన. పోలే.

మంచుకొండల కెల్లి ఫోన్ జేసినవు:
"సోమక్కా, ఈడ ఐసుకు వాసనే లేదే.
మనకాడ అమోనియా, చేపలు, ఊక.
ఈడ ఏం లేదు. నా ముక్కు పోయిందా అనుకున్న."
జరసేపు ఆగి,
"ఆటకూ ఆటకూ నడుమ ఈడ గూడ ఊడుస్తరు,
పొడుగు పారలు వట్టుకొని, వరుసకు నిలబడి.
నీ అంత మంచిగ కాదు."

పద్నాలుగు పోయినయ్ ఆ మ్యాచ్‌ల.
జిల్లా పేపరోడు పద్నాలుగు రాసిండు,
గడ్డి మీది హాకీ ఫోటో ఏసిండు.
ఆపినవి యాభై మూడు.
మీ జట్టు పిల్ల ఎవలో అట్టముక్క మీద గీతలు గీసిందట,
ఆ అట్టముక్క ఇప్పుడు నా చేటల ఉన్నది.
నాకు చదువు రాదు. గీతలైతే లెక్కవెట్టొస్తది,
బస్తాలు లెక్కవెట్టినట్టే, ఐదుకొక అడ్డగీత.

మోకాలికి పట్టీతోటి వచ్చినవు. డాక్టరు ఆర్నెల్లన్నడు.
నౌకరీ ఫారం నింపబోతే ఆట పేరు కాడ
"ఇది లిస్టుల లేదమ్మా" అన్నడట క్లర్కు.
ఆ దినం నువ్వు కల్లానికి రాలే. తెల్లారి గూడ రాలే.
నేనైతే రెండుసార్లే ఊడ్చిన,
చేతికి అలవాటైపోయింది.

ఇయ్యాల నాలుగున్నరకు చక్రాల చప్పుడు.
ఒక జత గాదు. హాస్టల్ పిల్లలిద్దరు,
ఒకామె గేటు కాడికెల్లి పడుకుంటనే వచ్చింది.
నువ్వు కుర్సీల కూసొని, కట్టె తోటి సూపిచ్చుకుంట,
"మోకాళ్లు వంచు, వంచు" అని ఒకటే అరుసుడు.
పిల్లి బెదిరి బాయిలర్ కిందికి ఉరికింది.

రోజా,
ఆ బాయిలర్ దిక్కు మూలకు
రాత్రి వాన నీళ్లు నిలిచినయ్, ఇంక ఆరలే.
జర వాండ్లను అటు పోనియ్యకు.
వస్తున్న, చీపురు తెస్త.